గంపకి చక్రాలు వేసిన కళ

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఆటో నడిపే బాబ్జీది గట్టి గొంతు. ఆ గొంతు మీద నెగ్గినవాళ్ళు మా వైపు తక్కువ. అలాంటి బాబ్జీ ఒక ఉదయం గుటకలు మింగుతుంటే కళ్ళారా చూశాను. మింగించింది మా కళ.

పడవలు ఒడ్డుకొచ్చి, చేపల వేలం పాట ముగిసి, ఆడవాళ్ళం గంపల్లో ఐసు చల్లుకుంటున్న వేళ అది. కళ తన మూడు చక్రాల బండిని తెచ్చి మేం గంపలు పెట్టుకునే చోట నిలిపింది. ముందు రెండు చక్రాలు, వాటి మధ్య నీలం పెట్టె. వెనక ఒక్క చక్రం, దాని మీద సీటు, పెడళ్ళు, సీటు కింద డబ్బాలో బ్యాటరీ. వాళ్ళమ్మ కనకదుర్గ అప్పుడే కొన్న కానాగంత చేపల్ని పెట్టెలో సర్దుతోంది. బాబ్జీ ఆటో దిగి, కండువా దులుపుకుంటూ వచ్చాడు.

"ఏయ్ కళా, హటావ్ దీన్ని. గంపల జాగాలో మోటారు బండి పెడతారా ఎక్కడైనా? ఆటోల లైన్లో మా వెనక పెట్టుకో. నీ వంతు వచ్చినప్పుడు కదులు."

"ఇది సైకిలు, బాబ్జీ భయ్యా."

"మోటారుందా, లేదా?"

"ఉంది."

"బ్యాటరీ?"

"అదీ ఉంది."

"మరి సైకిలెలా అయిందే? ఐటీఐలో ఇదేనా నేర్పింది?"

చుట్టూ ఉన్న మగాళ్ళు పళ్ళికిలించారు. నేను నోరు తెరవబోయాను. కళ నా ముందు చెయ్యి అడ్డం పెట్టింది. అరవై దాటిన నా నోటికి అడ్డం వచ్చిన మొదటి చెయ్యి అదే.

"ఎక్కి కూర్చో భయ్యా," అంది. "కాళ్ళు కిందికి వేలాడెయ్. పెడలు తాకకు. అదిగో స్విచ్చు, వెయ్యి. ఏది నొక్కుతావో నొక్కు, ఏది తిప్పుతావో తిప్పు. నువ్వు తొక్కకుండా బండి జానెడు కదిలిందంటే రేపట్నుంచి నీ ఆటో వెనకే పెడతా."

బాబ్జీ దర్జాగా ఎక్కాడు. స్విచ్చు వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. హ్యాండిలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కనపడినదల్లా నొక్కాడు. బండి రాయిలా కూర్చుంది. ఐసు అమ్మే బెంగాలీ అతను "అరే దాదా, ధక్కా మారూఁ క్యా?" అని, తొయ్యనా అన్నట్టు చేతులు చాపేసరికి రేవంతా గొల్లుమంది.

"తొక్కినవాళ్ళకే అది తోడొస్తుంది," అంది కళ. "కాళ్ళు ఊరుకుంటే అదీ ఊరుకుంటుంది. నీ ఆటో ఇలాగే చేస్తుందా భయ్యా? ఇంకోమాట. మెడ నొప్పని మా అమ్మ నీ ఆటో ఎక్కితే, చేపనీళ్ళు కారుతున్నాయని గంపతో సహా సగం దారిలో దించేశావు. ఆ రోజు నీకు వాసనేసిన గంప మీద ఇవాళ ఇంత ప్రేమెందుకు పుట్టింది?"

బాబ్జీ దిగాడు. గుటక మింగాడు. "నాకేటే, పెట్టుకుంటే పెట్టుకో," అని ఆటో దాకా నడిచి, అక్కడ ఏ తప్పూ చెయ్యని టైరుని ఒక తన్ను తన్నాడు. ఆ తరవాత మా జాగా జోలికి రాలేదు.

కళ సంగతి రాయాలంటే నాకు ముందు అదే కళ్ళముందుకొస్తుంది. నా చదువు మూడో తరగతి. అదీ శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు బడిలో, సగం పలక మీద, సగం ఇసకలో. పెళ్ళయి ఓడెక్కి ఈ దీవికొచ్చాక పలక వదిలి గంప పట్టాను. అయినా తెలుగు రాయడంలో ఐటీఐ చదివిన కళ నా కాలిగోటికి చాలదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు నాలుక మీద ఆడుతుంది గానీ వేళ్ళలోకి దిగదు. పెళ్ళి పిలుపు కార్డు తెలుగులో వస్తే చదివించుకోవడానికి నా దగ్గరికే వస్తుంది. కాబట్టి దాని కథ రాయాల్సింది నేనే. ఊరికి శ్రీ విజయపురమని కొత్త పేరొచ్చింది. నా వేళ్ళకి ఇంకా పోర్ట్ బ్లెయిరే అలవాటు. సర్దుకోండి.

కళ దానయ్యకీ కనకదుర్గకీ ఒక్కతే కూతురు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది రేకు గోడ. వాళ్ళ పోపు మాకు, మా తిట్లు వాళ్ళకి చేరుతుంటాయి. కనకదుర్గ నాకు తోడబుట్టింది కాదు గానీ నన్ను 'అప్పా' అంటుంది, కళ 'పెద్దమ్మా' అంటుంది. దానయ్య చేపల పడవల ఇంజన్లు బాగు చేస్తాడు. తల్లి చేపలకెళితే పిల్ల తండ్రి షెడ్డులోనే పెరిగింది. బొమ్మ ఇస్తే పక్కన పడేసేది, పానా ఇస్తే నోట్లో పెట్టుకునేది. కొంచెం పెద్దదయ్యాక తండ్రి చెయ్యి చాచకముందే అతనికి ఏ పానా కావాలో అది అందించేది. ఒకసారి తప్పు పానా ఇచ్చిందని దానయ్య కసిరాడు. అది కదల్లేదు. దానయ్య తను అడిగినదాంతో నట్టు తిప్పి చూసి, జారిపోతే, గొణుక్కుంటూ అది ఇచ్చిందే పుచ్చుకున్నాడు.

ఐటీఐలో ఫిట్టరు కోర్సుకెళ్ళింది. ఆ గదిలో అదొక్కతే ఆడపిల్ల. చదువయ్యి షెడ్డుకి తిరిగొచ్చాక దానయ్య కొత్త బోర్డు రాయించాడు. బోర్డు రాసేవాడు చేతి అలవాటుకొద్దీ 'దానయ్య అండ్ సన్స్' అని రాసిపెట్టాడు. దానయ్య, "పోనీలే, రంగు ఖర్చయిపోయింది కదా," అన్నాడు. కళ స్టూలు తెచ్చి బోర్డు కింద వేసుకుని కూర్చుంది. 'సన్స్' చెరిపి 'డాటర్' అని రాసేదాకా అక్కణ్ణుంచి లేవలేదు, రాసేవాణ్ణి నిచ్చెన దిగనివ్వలేదు. దాని మొగుడు యుగంధర్ దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. నెమ్మదైనవాడు. ఆ బోర్డు చూసే పెళ్ళికి ఒప్పుకున్నానంటాడు.

ఇక గంప సంగతి.

పోర్ట్ బ్లెయిర్‌లో చదునైన దారి లేదు. ఎక్కడమో దిగడమో, రెండే. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద చేపల గంప, గంపలో ఐసు, ఐసు కరిగి మెడ మీంచి వీపు మీదికి కారే నీళ్ళు. ఇలా ఎత్తులెక్కాం మేమంతా. కనకదుర్గ అమ్మబోయేది డెలానీపూర్ ఎత్తు మీదికి. సర్కారు క్వార్టర్లలో, వాటి వెనక వీధుల్లో ఆమెకి వాడుక ఇళ్ళు. ఏ ఇంట్లో ఏ చేప ముట్టరో, ఎవరి పిల్లలకి ముల్లు తీసి ఇవ్వాలో అన్నీ ఆమెకి తెలుసు.

ఈ పనిలో ఒక పద్ధతుంది. నెత్తి మీద గంప తనంతట తాను దిగదు. గుమ్మం ముందు నిలబడి కేకేస్తే ఆ ఇంటావిడ వచ్చి చెయ్యేస్తుంది, ఇద్దరూ కలిసి దింపుతారు. గంప దింపిన చెయ్యిదే తొలి చేప. వెనకాల ఎంత పెద్ద ఆఫీసరు పెళ్ళాం వచ్చినా, చెయ్యేసినావిడ ఏరుకున్నాకే. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

రెండేళ్ళ కిందట కనకదుర్గకి చేతివేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చేప కోస్తుంటే కత్తి జారిపోయేది. ఫోటో తీయించి చూస్తే మెడ ఎముకలు అరిగిపోయాయి. డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు: నెత్తి మీద ఇక ఇత్తడి చెంబు కూడా పెట్టకూడదు, పెడితే చేతులు పడిపోతాయి.

కనకదుర్గ ఇంటికొచ్చి గంపని బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఓ పది రోజులు నేనెళ్తానే నీ ఇళ్ళకి," అన్నాను.

"వద్దప్పా. నీ మాటకి భయపడి నీ దగ్గరే కొనడం మొదలెడతారు. మళ్ళీ నా మొహం చూడరు."

అంత బాధలోనూ దాని తెలివి అది. కానీ భయం నిజమే. గరాచర్మ వైపు నుంచి ఒకతను మోటారు సైకిలు వెనక థర్మాకోలు పెట్టె కట్టుకుని అప్పటికే డెలానీపూర్ వీధుల్లో హారను కొడుతున్నాడు. చేపలావిడ నాలుగు వారాలు కనపడకపోతే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? కనకదుర్గ మనిషిగా మిగలాలంటే ఆ ఇళ్ళు మిగలాలి. ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడతానంటే, ఆమెకది అన్నం కాదు.

దానయ్య స్కూటీ కొందామన్నాడు. కనకదుర్గ, "లైసెన్సు కోసం ఆ పిల్లకాయల వరసలో నేను నిలబడను," అంది. కళ తల్లి మెడ చూసింది, కాళ్ళు చూసింది.

"నాన్నా, అమ్మకి పాడైంది మెడ. కాళ్ళు నీకన్నా గట్టివి. మెడ పని చక్రాలకిద్దాం. కాళ్ళ పని కాళ్ళకే ఉంచుదాం. ఎత్తు వచ్చిన చోట ఎవరో వెనక చెయ్యేసి తోసినట్టుండాలి, అంతే. బ్యాటరీ అయిపోయినా అమ్మ నడిరోడ్డు మీద ఆగిపోకూడదు. తొక్కుకుంటూ ఇంటికి రాగలగాలి."

నేను నవ్వాను. "నెత్తి ఉండగా చక్రం ఎందుకే? దేవుడికి తెలీకే మెడ నిటారుగా పెట్టాడా?"

"నీ మెడ నిటారుగా ఉంది పెద్దమ్మా. అమ్మది లేదు," అంది.

మోటారు, బ్యాటరీ మెయిన్‌లాండ్ నుంచి రావాలి. బ్యాటరీని విమానంలో ఎక్కించుకోరట, ఓడలోనే రావాలట. ఓడ వాతావరణం బాగోలేక ఆగింది. ఆ ఆగిన రోజుల్లో కళ పాత సైకిళ్ళు కోసి, పైపులు అతికి, ఒక బండి కట్టింది. ముందు ఒక చక్రం, వెనక రెండు, వెనక పెట్టె. సరుకులు మోసే రిక్షా బళ్ళన్నీ అలాగే ఉంటాయి కదా అని. ఓడ రాగానే మోటారు ముందు చక్రానికి బిగించింది. దానయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఇల్లు అలకగానే పండగవుతుందా?

కనకదుర్గ ఎక్కింది. నాలుగు గజాలు తొక్కింది, వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ నాలుగు గజాలు, మళ్ళీ వెనక్కి. ఏ మెడ తిప్పకూడదో ఆ మెడే తిప్పుతోంది.

"ముందుకి చూడమ్మా!" అని కళ.

"చేప వెనకుందే!"

"ఉంటే ఏమైంది? పెట్టెలో ఉంది కదా!"

నేనన్నాను: "వీపు వెనక పెట్టిన చేప పిల్లికి పెట్టిన చేపే. మా గంప నెత్తి మీదుంటే బరువే చెబుతుంది ఉందో పోయిందో. వీపు వెనకున్నదాని సంగతి ఎవరు చెప్తారు?"

దానికి తోడు ఎత్తెక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి, ముందు చక్రం తడి రోడ్డు మీద ఊరికే గిర్రున తిరిగింది. కళ ఆ బండిని ఎంత ఇష్టంగా కట్టిందో అంత నిర్దాక్షిణ్యంగా మళ్ళీ కోసి పారేసింది. రెండోసారి పెట్టె ముందుకొచ్చింది, చేప కళ్ళెదుటకొచ్చింది. మోటారు వెనక చక్రం తిప్పే గొలుసుకి చేరింది. చీర పడకుండా గొలుసుకి మూత వేసింది. ఉప్పునీళ్ళు దిగకుండా బ్యాటరీ డబ్బా అంచుకి పాత ట్యూబు రబ్బరు కుట్టింది.

ఈసారి తనే రాళ్ళ బస్తా వేసుకుని డెలానీపూర్ ఎత్తు ఎక్కి దిగింది. చెమట పట్టిన మొహంతో, రాజ్యం గెలిచినట్టు వచ్చింది. మర్నాడు తల్లిని నిజం చేపలతో పంపింది. పక్కన నేను, వెనక కళ.

సగం ఎత్తులో ఒక గేటు దగ్గర ఎవరో పిలిస్తే కనకదుర్గ ఆగి కవళ్ళ చేపలు తూచి ఇచ్చింది. మళ్ళీ ఎక్కి తొక్కబోయింది. ఆ మోటారుకి ఒక బుద్ధి ఉంది: పెడలు కొంత తిరిగాక గానీ అది మేలుకోదు. ఎత్తు మీద ఆ కొంత తిరగడానికే కాళ్ళకి బలం చాలలేదు. బండి వెనక్కి జారింది.

"బ్రేకమ్మా! బ్రేకు పట్టు!" అని కళ కేక.

బ్రేకు చేతికిందే ఉంది. కనకదుర్గ ఏం చేసిందో తెలుసా? హ్యాండిలు వదిలేసి, కిందికి దూకి, ముందుకి పరుగెత్తి, రెండు చేతులా చేపల పెట్టెని కౌగిలించుకుంది. బండి ఆమెని కూడా ఈడ్చుకుంటూ వెనక్కిపోయి కాలవ గట్టుకి కొట్టుకుంది. మోకాలు చీరుకుపోయింది. పెట్టె మాత్రం వదల్లేదు. ఒక్క చేప కింద పడలేదు.

కళ మొహం నల్లబడిపోయింది. "చేపలెవరికి కావాలమ్మా? చచ్చిపోయేదానివి!"

"గంప పోతుంటే ఎలా వదుల్తానే?" అంది కనకదుర్గ, మోకాలి మీద రక్తం తుడుచుకుంటూ.

అదీ మా జాతి ఆడదాని తప్పు. ఇంకెవరూ చెయ్యరు. లోకంలో అందరూ పడబోతుంటే తమని తాము పట్టుకుంటారు. మేం గంపని పట్టుకుంటాం.

తరవాత వారమంతా షెడ్డు ముందు కళ తల్లికి బడి పెట్టింది. "బ్రేకు" అంటే బ్రేకు నొక్కాలి. కనకదుర్గ బుద్ధిమంతురాలిలా నొక్కింది. చదును మీద ఒక్కసారీ తప్పలేదు. మళ్ళీ ఎత్తు మీదికి తీసుకెళ్ళారు. బండి ఒక్క అడుగు వెనక్కి జరిగిందో లేదో, మళ్ళీ దూకుడు, మళ్ళీ కౌగిలి. ఈసారి కళ వెనక కాపు కాసింది కాబట్టి సరిపోయింది.

దానయ్య చేతులెత్తేశాడు. "మీ అమ్మ మారదే. బండి అమ్మెయ్. ఆ మోటారేదో నా పడవ పంపుకి పెట్టుకుంటాను."

కనకదుర్గ ఇంట్లోకెళ్ళి గంప తీసింది, చుట్టకుదురు తీసింది. రేకు గోడకి ఇవతల నుంచి గంప చప్పుడు విని నేనూ, షెడ్డులోంచి కళా ఒకేసారి పరుగెత్తాం. కనకదుర్గ గంప నెత్తికెత్తుకోబోతోంది.

"రేపట్నుంచి ఇలాగే ఎళ్తాను. చేతులు పడిపోతే అప్పుడు చూద్దాం. ఆ మోటారుసైకిలోడు నా గంప దింపే టీచరమ్మ గుమ్మంలో హారను కొట్టాడంట."

కళ గంప లాక్కోలేదు. ఏడవలేదు. తల్లి చేతుల వైపే చూస్తూ నిలబడింది. తరవాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నీ గంప తెచ్చుకో. నెత్తికెత్తుకో."

"ఎందుకే?"

"ఎత్తుకో చెప్తా."

ఎత్తుకున్నాను. అది వెనక నుంచి వచ్చి, నాకు చెప్పకుండా గంపని ఒక్క తోపు తోసింది! నా రెండు చేతులూ ఎగిరి గంప అంచుని పట్టుకున్నాయి. తరవాత నా నోరు ఏం పట్టుకుందో ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు.

నేను తిడుతూనే ఉన్నాను, అది నా వేళ్ళు ఎక్కడ పడ్డాయో చూస్తూనే ఉంది. మర్నాడు రేవుకెళ్ళి పొద్దున్నంతా అక్కడే తిరిగింది. ఎవరి గంప ఊగినా వాళ్ళ చేతులు ఎక్కడికి పోతున్నాయో చూసింది. బ్రేకు కోసం తల్లి చేతిని మార్చాలని అన్నాళ్ళు చూసింది కదా, ఇప్పుడు చెయ్యి పోయే చోటికే బ్రేకుని తీసుకెళ్ళింది. పెట్టె అంచు చుట్టూ ఒక సన్నటి గొట్టం తిప్పింది. ఏ పక్క నుంచి పట్టుకున్నా, వేళ్ళు బిగిశాయంటే ఆ గొట్టం అంచుకి నొక్కుకుంటుంది. దానికి కట్టిన బ్రేకు తీగలు లాగుతాయి, ముందు చక్రాలు రెండూ బిగుసుకుంటాయి. పెట్టెని కౌగిలించుకుంటే బండి ఆగిపోతుంది. అంతే.

మోటారు నిద్రమత్తుకీ మందు వేసింది. పెడలు తిరిగేదాకా ఆగకుండా, కాలి బరువు పడగానే తెలుసుకునే పరికరం ఒకటుందట. అది యుగంధర్ ఓడ మీద వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మెయిన్‌లాండ్ నుంచి తెప్పించాడు.

ఆ రోజు డెలానీపూర్ ఎత్తు మీద నేనూ ఉన్నాను. సగంలో కళ కావాలనే తల్లిని ఆపించింది. "ఇప్పుడు పెడలు మీంచి కాలు తియ్యమ్మా." బండి వెనక్కి కదిలింది. కనకదుర్గ దూకింది, పరుగెత్తింది, పెట్టెని వాటేసుకుంది. బండి ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయింది. కనకదుర్గ పెట్టె మీద తల ఆనించింది. తరవాత మళ్ళీ ఎక్కి ఒక్క కాలు నొక్కింది. బండి గుంజుకుని కదిలింది. "ఎవరే తోస్తున్నారు?" అని వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. మేమిద్దరం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాం. నేను కళ్ళు తుడుచుకున్నానని కళ అంటుంది. అక్కడ దుమ్ము ఎక్కువ.

ఇళ్ళు తిరిగొచ్చాయి. మోటారు సైకిలాయన హారను వేరే వీధి చూసుకుంది. కానీ నెల తిరక్కుండానే కొత్త గొడవ. టీచరు భారతీదేవి గుమ్మం దగ్గర నిలబడి కనకదుర్గని కడిగేసింది.

"ఏమ్మా కనకదుర్గా, పన్నెండేళ్ళు నీ గంప నేను దింపాను. తొలి చేప నాది. ఇప్పుడు నేను కొంగు సర్దుకుని వచ్చేలోపల పై అంతస్తు వాళ్ళు పరుగెత్తుకొచ్చి మంచి వంజరం ఏరుకుపోతున్నారు. నీకు చక్రాలొస్తే నాకు మర్యాద పోవాలా?"

కనకదుర్గ ఇంటికొచ్చి కూతురితో చెప్పింది. మోటారు గురించీ మెడ గురించీ ఇంత ఆలోచించిన పిల్ల, గంప దింపే చెయ్యి సంగతి మర్చిపోయింది! మర్చిపోయానని ఒప్పుకోవడానికి దానికి ఒక పూట పట్టింది, సరిచెయ్యడానికి ఇంకో పూట. పెట్టెకి బరువైన మూత చేసింది. రెండు పిడులు, అటొకటి, ఇటొకటి. ఇద్దరు పట్టుకుంటేనే లేస్తుంది. అటు పిడి పట్టినావిడదే తొలి చేప.

"మోటారు పెట్టినదానివి, మూత ఒంటి చేత్తో లేచేలా చెయ్యలేకపోయావా?" అన్నాను.

"చెయ్యగలను పెద్దమ్మా. చెయ్యను," అంది.

భారతీదేవి ఇప్పుడు కేక వినపడగానే చెప్పులు కూడా వేసుకోకుండా వస్తుంది, మూత పిడి పట్టుకోవడానికి. నేను చూశాను.

బాబ్జీతో గొడవ ఆ తరవాతే. అది నెగ్గాక రేవులో ఆడవాళ్ళకి ధైర్యమొచ్చింది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, నడుం వంగినవాళ్ళు, గంప దింపాక చాలాసేపు తల తిప్పలేనివాళ్ళు కళ షెడ్డు ముందు చేరారు. "నాకూ ఒకటి కట్టవే", "నా దారి గరాచర్మ, దూరమే తల్లీ", "నాకు ఎర్ర రంగు". కళ ఎవరికీ ఊఁ అనలేదు. "ఇంకా కాలేదు, దీదీ," అని అందరినీ పంపేసింది. లోపల ఇంకో బండి పూర్తయి నిలబడి ఉంది. చూసినవాళ్ళు, పొగరు పెరిగిందన్నారు. నేనూ అడిగేద్దామనే వెళ్ళాను.

"ఏటే, వాళ్ళ మెడలు మెడలు కావా?"

కళ చేతులు తుడుచుకుని నాకు స్టూలు వేసింది.

"అమ్మ ఆ బండిని పసిబిడ్డలా చూస్తోంది పెద్దమ్మా. తడిస్తే కొంగుతో తుడుస్తుంది. గుంత కనపడితే దిగి నడిపిస్తుంది. ఇంటికొచ్చాక దుప్పటి కప్పుతుంది. కూతురు చేసిందని. అలా చూసుకుంటే కాగితంతో చేసినా విరగదు. రేపు వాళ్ళందరికీ కట్టిచ్చాక, వానలో, ఎత్తు మధ్యలో, ఎవరిదైనా విరిగితే? అప్పుడు నేనక్కడ ఉండను కదా. ఎక్కడ విరుగుతుందో నాకు ముందే తెలియాలి."

"అయితే నన్నేటి చెయ్యమంటావు?"

"నీ చేతిలో ఏ వస్తువూ నిలవదని అందరూ అంటారు."

"ఎవడే అన్నాడు?"

"నేనే అన్నాను. కుక్కరు చెవులు రెండూ ఊడగొట్టావు. మా గొడుగు తీసుకెళ్ళి కర్రలా తిరిగిచ్చావు. నాకు నువ్వే కావాలి." లోపలున్న కొత్త బండిని నా ముందుకి తోసుకొచ్చింది. "ఈ వానాకాలం అంతా దీని మీద వెళ్ళు. గంప ఇంట్లో పెట్టెయ్. అమ్మ వేసేదానికన్నా ఎక్కువ చేప వెయ్యి. గుంత కనపడితే దిగకు. ఉప్పునీళ్ళు పడితే తుడవకు. వానలో వదిలెయ్. కోపమొస్తే తన్ను. పదిలంగా చూశావని తెలిసిందో, లాక్కుంటాను. విరగ్గొట్టి తీసుకురా పెద్దమ్మా. ఎక్కడ విరిగిందో చూపించి, నన్ను కడుపారా తిట్టు."